జేసీబీ పిలవకముందు గట్టు కింద రాయి వెతుకు

అల్లుడూ,

ఆదివారం జేసీబీ పెట్టి గట్టు చదును చేయిస్తానని ఫోన్లో అన్నావు చూడు, ఆ పని మాత్రం చెయ్యకు. గట్టుతో పాటు నీ సాక్ష్యమూ పోతుంది, పైగా పక్క చేను బాబాయి స్టేషన్‌కెళ్లి నువ్వే ఆక్రమించావని రాసిస్తాడు, నువ్వు హైదరాబాద్‌లో లీవులు పెట్టుకుని తిరగాలి.

ముందు లెక్క చూసుకో. ఆయన నీ చేలోకి రెండడుగులు జరిగాడంటున్నావు, గట్టు పొడవు 300 అడుగులు. అంటే 600 చదరపు అడుగులు. సెంటంటే 435.6, కాబట్టి సెంటున్నర కూడా లేదు. వదిలెయ్యమని కాదు, దాని మీద ఎంత ఖర్చు పెట్టొచ్చో తెలియాలిగా.

నా సంగతి మీ అమ్మ సగమే చెప్పుంటుంది. తూర్పు గట్టు మీద రెండు తాడిచెట్ల కోసం కోర్టుకెక్కాను. కోర్టు వేసిన అడ్వకేట్ కమిషనర్ సర్వేయర్‌ని వెంటబెట్టుకొచ్చి చేను మొత్తం కొలిపించాడు. తూర్పున నాకు రెండడుగులు రావాలని తేలింది, పడమట నేనే మూడడుగులు అవతలికెళ్లి దున్నుకుంటున్నానని కూడా తేలింది! మా నాన్న ఎక్కడిదాకా దున్నాడో నేనూ అక్కడిదాకే దున్నాను, నాకేం తెలుసు. పడమటాయన అప్పటిదాకా రోజూ నాతో టీ తాగేవాడు. అందుకే చెబుతున్నా, కొలిపిస్తే నాలుగు పక్కలా కొలిపించుకో, అదీ నోరు జారకముందే.

దస్తావేజు ఒక్కటే పట్టుకుని వాదించకు. ఎఫ్‌ఎంబీ, అంటే సర్వే వాళ్లు గీసిన పొలం పటం, దాని కాపీ తీయించు (తెలంగాణలో టిప్పన్ అంటారు), హద్దుల కొలతలు అందులో ఉంటాయి. ఆ సర్వే నంబర్లో ఉన్నవాళ్లందరి దస్తావేజుల విస్తీర్ణం కూడి చూడు. ఒక్కోసారి కాగితాల మీద ఉన్నంత భూమి నేల మీద ఉండదు, ఎప్పుడో ఎవరో అమ్మేటప్పుడు రెండు సెంట్లు ఎక్కువ రాసేసి ఉంటారు. ఆ తరుగు బాబాయి గట్టు జరిపినందువల్ల వచ్చింది కాదు, ఎంత కొలిచినా పూడదు. మీ ఊళ్లో రీసర్వే అయిపోయుంటే పాత నంబరు బదులు ఎల్‌పీఎం నంబరు (రీసర్వేలో ఒక్కో కమతానికి ఇచ్చిన కొత్త నంబరు) ఉంటుంది, అదీ చూసుకో.

కొలిపించడానికి సచివాలయంలోనో మీసేవలోనో ఎఫ్‌లైన్ పిటిషన్ పెట్టు, హద్దులు కొలిచి చూపించమని అడిగే అర్జీ అది. సర్వేయర్ చుట్టుపక్కల రైతులకి నోటీసులిచ్చి వస్తాడు. వరి కోతలయ్యాకే పెట్టించు, నిలబడ్డ చేలో ఎవరూ సరిగ్గా కొలవలేరు. పాత హద్దు రాళ్లు పోయాయని తొందరపడి అనేయకు, మాకు ఒకటి గట్టు కింద అడుగున్నర లోతులో దొరికింది, పైన గరిక దుబ్బు, తవ్వితే నెత్తిన కొట్టిన గాటు ఇంకా చెక్కుచెదరలేదు. కొలత తేలగానే ముగ్గు పోయించి, అదే రోజు, అందరూ ఉండగానే రాళ్లు పాతించు. రేపు పాతుకుందాంలే అన్న రాయి రాత్రికి రాత్రి నడుస్తుంది. ఇద్దరి సంతకాలూ తీసుకో, ఫోన్లో వీడియో తీసి పెట్టుకో.

సర్వేయర్ హద్దు చూపిస్తాడు, అంతవరకే. భూమి ఎవరిదన్న తగువు తీర్చాల్సింది సివిల్ కోర్టు. అలాగని ఊరికే నానబెట్టకు, పన్నెండేళ్లు నీ హక్కుని కాదని బహిరంగంగా అనుభవిస్తే అది నాదే అని వాదించే వీలు అవతలివాడికి వస్తుంది. రాజీ కుదిరి కాస్త ఇటూ అటూ మార్చుకుంటే తెల్లకాగితం మీద రాసుకోవద్దు, రిజిస్ట్రేషన్ చేయించండి. కేసు వేయాల్సి వచ్చినా లోక్ అదాలత్‌లో రాజీ పడొచ్చు, అక్కడిచ్చే తీర్పు (అవార్డు అంటారు) కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు.

వీటన్నిటికంటే ముందు బాబాయి ఇంటికి వెళ్లు, ఒక్కడివే, పొద్దున్నే. ‘మీరు జరిగారు’ అనకు. ‘ఇద్దరం కొలిపించుకుందాం బాబాయ్, ఖర్చు చెరిసగం’ అను. ఆయనకీ లోపల అనుమానం ఉండే ఉంటుంది, నువ్వే అటు జరిగావేమోనని.

గునపం, యాభై మీటర్ల టేపు నా దగ్గరున్నాయి. ఎఫ్‌ఎంబీ కాపీ నువ్వు తే.

మీ మామయ్య