పామాయిల్ తోటలో యాలకులు వేస్తే కాపు వస్తుందా?

సత్తుపల్లి దగ్గర పామాయిల్ తోట ఉంది, మధ్యలో యాలకులు వేద్దామనుకుంటున్నా, నర్సరీ అతను మూడో ఏటి నుంచి ఎకరాకి లక్షలు అంటున్నాడు అని అడిగారు కదా అన్నా. వేయకండి. మొక్క బతుకుద్ది, నీడా నీళ్ళూ ఉంటే పొదలా లేస్తది కూడా, కానీ అమ్ముకునేంత కాయ రాదు. నేను చాలా ఏళ్ళుగా తమిళనాడులోని బోడినాయకనూరులో యాలకులు కొని బేగంబజార్ షాపులకి పంపుతున్నా, సీజన్‌లో కొండమీద తోటల్లో తిరుగుతూనే ఉంటా, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా.

కేరళ ఇడుక్కి జిల్లాలో వండన్మేడు, నెడుంకండం వైపు యాలకుల తోటలు చాలావరకు 600 నుంచి 1200 మీటర్ల ఎత్తులో ఉంటాయి. అక్కడ ఎండ 35 డిగ్రీలకి దగ్గరపడితేనే రైతులకి కంగారు, మనకి మే నెలలో 44, 45 మామూలే. 2024 ఎండాకాలంలో వానల్లేక ఆ కొండల్లోనే, అంత చెట్ల నీడలోనే, తోటలకి తోటలు ఎండిపోయాయి. నీడొక్కటే ఉంటే చాలదు అన్నా, గాలిలో తేమ ఉండాలి, రాత్రుళ్ళు చల్లగా ఉండాలి, పైగా మొక్క మొదలు దగ్గర నేలమీద పాకే గెలల్లో పూసే పువ్వు ఒక్కరోజే ఉంటది, ఆ రోజు తేనెటీగ రాకపోతే కాయ కట్టదు.

సరే, కాయ వచ్చిందే అనుకుందాం. అన్నీ ఒకేసారి పండవు, ఆగస్టు నుంచి ఫిబ్రవరి దాకా మళ్ళీ మళ్ళీ ఆడకూలీలు మొక్క మొక్క దగ్గరా కూర్చుని ముదిరిన కాయ వరకే ఏరి కోయాలి. తమిళనాడు తేని జిల్లా నుంచి పొద్దున్నే జీపుల నిండా వాళ్ళు బోడిమెట్టు, కంబంమెట్టు ఘాట్ రోడ్లు ఎక్కి వెళ్తారు, ఆ చేతి అలవాటు మన దగ్గర ఎవరికుంది చెప్పండి. కోసిన పచ్చికాయ సుమారు 5 కిలోలు ఎండితే 1 కిలో అవుద్ది, అదీ ఎండలో కాదు, ఎండలో పెడితే రంగు పోద్ది. మూసిన గదిలో 45 నుంచి 55 డిగ్రీల వేడిలో ఇంచుమించు ఒక రోజు ఆరబెడతారు. వేడి కాస్త ఎక్కువైతే కాయ పగులుద్ది, పచ్చదనం పోద్ది, రేటూ పోద్ది. ఒకే కొండమీద పక్కపక్క తోటల సరుకు రేటులో బాగా తేడా రావడం నేను చూస్తూనే ఉంటా, ఆ తేడా ఎక్కువగా ఆరబెట్టే దగ్గరే వస్తది, అందుకే మంచి డ్రయ్యర్ మనిషిని రైతులు వదులుకోరు.

ఇక రేటు. ఇడుక్కిలోనే పుట్టడి అనే చోట జరిగే యాలకుల వేలంలో 2019 ఆగస్టులో కిలో 7000 పలికింది, నర్సరీ వాళ్ళు చూపించేది ఆ అంకెనే. అది 2018 వరదలూ ఆ తర్వాతి ఎండలూ తోటల్ని దెబ్బతీసి సరుకు లేక వచ్చిన రేటు, అదీ ఆ రోజు ఒక మంచి లాట్‌కి వచ్చింది. 2021 కల్లా సగటు వెయ్యి దగ్గరికి దిగింది. పైగా చాలా ఏళ్ళుగా ప్రపంచంలో ఎక్కువ పండిస్తూ వచ్చింది గ్వాటిమాల, గల్ఫ్‌కి ఎక్కువగా వెళ్తూ వచ్చింది వాళ్ళ సరుకే, అక్కడ పంట బాగుంటే ఇక్కడ రైతుకి దెబ్బ.

అంతరపంట కావాలంటే కోకో చూడండి, అశ్వారావుపేట, ఏలూరు వైపు పామాయిల్‌లో, కొబ్బరిలో వేసి అమ్ముకుంటున్నవాళ్ళు ఉన్నారు, వాళ్ళ తోటకెళ్ళి మాట్లాడండి.

యాలకుల మీదే మనసుంటే కొని అమ్మే పని మొదలుపెట్టండి, చిన్నగా. 8 ఎంఎం బోల్డ్, అంటే లావు కాయ అని చెప్పగానే డబ్బు ఇవ్వొద్దు. బస్తా పైన కాకుండా మధ్యలోంచి, అడుగునుంచి కాయ తీసి ఒలిచి చూడండి, గింజ నల్లగా, జిగురుగా ఉండాలి, తెల్లగా ఉంటే లేతకాయ కోసినట్టు. తడి తెల్లగుడ్డతో రుద్దితే పచ్చరంగు అంటుకుందంటే రంగేసిన సరుకు, ఎంత తక్కువకిచ్చినా తీసుకోవద్దు.