పైలట్ల విశ్రాంతి నియమాలను ఎవరు, ఎలా అమలు చేస్తారు?

నియమాలు పెట్టేది దేశ విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ, రోస్టర్ (ఎవరికి ఎప్పుడు డ్యూటీ అనే పట్టిక) వేసేది ఎయిర్‌లైన్. చిక్కంతా అక్కడే ఉంది.

2025లో రెండు దశల్లో అమల్లోకి వచ్చిన నియమాలతో వారపు విశ్రాంతి 36 నుంచి 48 గంటలకు పెరిగింది. అర్ధరాత్రి నుంచి ఉదయం 6 దాకా రాత్రిగా లెక్క, ఆ వేళను తాకే డ్యూటీలో ల్యాండింగ్‌లు రెండుకు మించకూడదు. తెల్లవారుజామున ఎంత అనుభవం ఉన్నవాళ్లకైనా చురుకుదనం తగ్గుతుంది కాబట్టి ఇది చాలా అవసరమైన మార్పు.

డీజీసీఏ ఆడిట్‌లో రికార్డులు తనిఖీ చేస్తుంది, తప్పు తేలితే జరిమానా వేస్తుంది. 2024 మార్చిలో ఎయిర్ ఇండియాకు 80 లక్షల రూపాయలు వేసింది. కానీ 2025 డిసెంబర్‌లో ఏమైంది? ఈ కొత్త నియమాలకు తగ్గట్టు ఇండిగో ముందుగా సరిగ్గా ప్లాన్ చేసుకోక వేల ఫ్లైట్లు రద్దయ్యాయి. దాంతో రాత్రి డ్యూటీ నియమాల్లో ఆ సంస్థకు 2026 ఫిబ్రవరి 10 వరకు సడలింపు దొరికింది. ప్రయాణికుల కష్టం నిజమే. అయినా భద్రత కోసం పెట్టిన నియమాన్ని రద్దీ చూసి వదలడం నాకు అస్సలు నచ్చలేదు.

చార్టర్లలో, అంటే అద్దెకు మాట్లాడుకునే ప్రత్యేక విమానాల్లో, ఒత్తిడి వేరు. విమానం మాట్లాడుకున్న పెద్దమనిషి ఆలస్యంగా వస్తే పైలట్ ఎయిర్‌పోర్ట్‌లోనే కూర్చోవాలి. అలా ఎదురుచూసిన గంటలను విశ్రాంతిగా రాయకుండా చూడటమే అక్కడ అసలు తనిఖీ.