పాత కార్టూన్లలో మొగుడూ పెళ్లాల జోకులకు ఇప్పటి పిల్లలు ఎందుకు నవ్వరు?

జోకు సగమే బొమ్మలో ఉంటుంది. మిగతా సగం చదివేవాళ్ల బుర్రలో ముందే ఉండాలి. "మగాడు సంపాదిస్తాడు, ఆడది ఖర్చుపెడుతుంది" అని అందరూ నమ్మిన రోజుల్లో దాన్ని విడిగా చెప్పక్కర్లేదు. ఆ నమ్మకం పోయాక బొమ్మ అదే ఉంటుంది గానీ నవ్వు రాదు.

బరంపురంలో మా అటక మీద పాత తెలుగు వారపత్రికల కట్ట ఉంది. ఒక కార్టూన్‌లో భర్త అర్ధరాత్రి చెప్పులు చేత్తో పట్టుకుని మునివేళ్ల మీద వస్తుంటాడు. తలుపు వెనకాల అప్పడాల కర్రతో భార్య. అమ్మ పకపకా నవ్వింది. పర్లాకిమిడి నుంచి వచ్చిన మా మేనకోడలు మాత్రం, "అంతరాత్రి దాకా ఆవిడ నిద్ర మానుకుని ఎందుకు కూర్చుంది మామయ్యా?" అంది. అమ్మకు తెలిసిన ఇళ్లలో పెత్తనం మగవాడిది. కర్ర ఆవిడ చేతికి రావడమే తమాషా. పెత్తనం ఇద్దరిదీ అనుకునే పిల్లకు తలకిందులు కావడానికి ఏముంది? కొట్టడం ఒక్కటే కనిపిస్తుంది.

కొన్ని స్ట్రిప్పులు (వరస బొమ్మల కార్టూన్లు) కాలంతో సర్దుకున్నాయి. 1930లో మొదలైన అమెరికన్ 'బ్లాండీ'లో ఇల్లాలు 1991లో కేటరింగ్ వ్యాపారం పెట్టింది. సైనిక శిబిరంలో నడిచే మరో అమెరికన్ స్ట్రిప్పు 'బీటిల్ బెయిలీ'లో సెక్రటరీని చూసి చొంగ కార్చే జనరల్‌ని 1997లో ఆడవాళ్లతో మర్యాదగా మెలగడం నేర్చుకోమని ట్రైనింగ్‌కి పంపారు (ఆలస్యంగానే అనుకోండి). బ్లాండీ మొగుడు డాగ్‌వుడ్ అర్ధరాత్రి కట్టే మూరెడు ఎత్తు శాండ్‌విచ్‌కి మాత్రం మా మేనకోడలు కూడా నవ్వింది.