సమాధానం: ‘ఎపిప్లోయిక్ అపెండజైటిస్’ అంటే అపెండిక్స్ జబ్బు కాదు
మీ తమ్ముడికి మూడు రోజులుగా పొత్తికడుపులో ఎడమపక్క నొప్పి, సీటీ రిపోర్టులో ‘ఎపిప్లోయిక్ అపెండజైటిస్’ అని వచ్చింది, అపెండిక్స్ ఆపరేషన్ చేయించాలా అని అడిగారు. ముందు టెన్షన్ తగ్గించుకోండి. పేరు అలా ఉంది గానీ ఇది అపెండిక్స్‌కు వచ్చేది కాదండీ.

పెద్దపేగు బయటి గోడకు చిన్న చిన్న కొవ్వు తిత్తులు వేలాడుతూ ఉంటాయి. వాటిలో ఒకటి మెలి తిరిగితే రక్తప్రసరణ ఆగి వాస్తుంది. అందుకే నొప్పి వేలితో చూపించగలిగేలా ఒకేచోట ఉంటుంది.

సీటీలో కొవ్వు నల్లగా కనిపిస్తుంది. సీటీలో సాంద్రతను చెప్పే హౌన్స్‌ఫీల్డ్ కొలతలో నీళ్లు 0 అయితే కొవ్వు సుమారు మైనస్ 100. వాపు వస్తే ఆ నలుపులో పొగమంచు పట్టినట్టు తెల్లటి చారలు వస్తాయి. రిపోర్టుల్లో ‘ఫ్యాట్ స్ట్రాండింగ్’ అని రాసేది దాన్నే. పేగును ఆనుకుని కోడిగుడ్డు ఆకారంలో, మామూలుగా 5 సెంటీమీటర్ల లోపు కొవ్వు ముద్ద, దాని చుట్టూ తెల్లని అంచు, కొన్నిసార్లు మధ్యలో చుక్కలా గడ్డకట్టిన సిర కనిపిస్తే దాదాపు ఇదే. పేగు గోడే బాగా మందంగా ఉంటే మాత్రం డైవర్టికులైటిస్‌ను (పెద్దపేగు గోడలో ఏర్పడిన చిన్న సంచులు వాచే జబ్బు) అనుమానిస్తారు. మీ రిపోర్టులో పేగు గోడ మందంగా ఉందన్న మాట ఉందేమో ఒకసారి చూడండి.

చాలామందికి నొప్పి మందులతోనే ఒకటి రెండు వారాల్లో తగ్గిపోతుంది, ఆపరేషన్ అవసరం రాదు. కిడ్నీ సమస్య, అల్సర్ ఉంటే ఆ మందులు సొంతంగా వేయొద్దు, డాక్టరుకు చెప్పండి. జ్వరం, వాంతులు వచ్చినా, నొప్పి పెరిగినా వెంటనే సర్జన్‌కు చూపించండి. నొప్పి పోయాక మళ్లీ సీటీకి తొందరపడకండి, ఆ మచ్చ కొన్ని నెలలు కనిపించవచ్చు.