మార్కులు పెరిగాయంటే కొత్త పథకం పనిచేసినట్టేనా?

కాదు, దాదాపు అదే స్థాయిలో మొదలై ఆ పథకం అందని పిల్లలు ఎంత ఎదిగారో పోల్చి చూస్తేనే ఆ సంగతి తేలుతుంది.

జూన్‌లో అప్పు తెచ్చుకునే తీసివేతలు రాని మూడో తరగతి పాప, ఏ పథకం లేకపోయినా మార్చికల్లా చాలావరకు చేసేస్తుంది. వయసు పెరుగుతుంది, టీచర్ రోజూ చెబుతారు, ఇంట్లో అక్క దగ్గర కూర్చుంటుంది. ఈ మామూలు ఎదుగుదలను తీసేశాక మిగిలిందే పథకం వాటా.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005లో మొదలైన ఒక ప్రయోగంలో, పిల్లల మార్కులు మెరుగుపడితే టీచర్లకు బోనస్ ఇచ్చారు. 300 గ్రామీణ ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో లాటరీ పద్ధతిలో 200 బడులకు బోనస్ పెట్టి, 100 బడులను పోలిక కోసం మామూలుగానే నడవనిచ్చారు. రెండేళ్ల తర్వాత లెక్కల్లోనూ భాషలోనూ బోనస్ బడులు ముందున్నాయి. బోనస్ ఫలితం ఆ తేడా మాత్రమే, వాటి మొత్తం ఎదుగుదల కాదు. ఏ బడికి బోనస్ అన్నది లాటరీ తేల్చింది కాబట్టి రెండు రకాల బడులూ మొదట్లో దాదాపు ఒకేలా ఉన్నాయి; ఇక్కడ అసలు బలం అదే.

చాలామంది పొరపడేది, పోలికకు ఏ బడైనా చాలనుకోవడంలో. ఉత్సాహంగా ముందుకొచ్చిన బడిని, వద్దన్న బడితో పోలిస్తే కనిపించే తేడా పథకానిదో, ఆ ఉత్సాహానిదో చెప్పలేం.