గోల్స్ లెక్క పక్కన పెట్టి, బంతి లేనప్పుడు ఏం చేస్తున్నాడో చూడండి

మీరు అడిగింది ఇదీ: మీ మేనల్లుడికి 15 ఏళ్లు, చిత్తూరు వైపు స్కూల్లో చదువుతున్నాడు, హాకీలో సెంటర్ ఫార్వర్డ్, జిల్లా టోర్నమెంట్లలో మ్యాచ్‌కి రెండు మూడు గోల్స్ కొడుతున్నాడు. పీఈటీ సారేమో "ఇండియాకు ఆడతాడు" అంటున్నారు. వాడు ప్రొఫెషనల్ అయ్యే అవకాశం ఎంత, చదువు పక్కన పెట్టించి అకాడమీలో వేయాలా అని మీ సందేహం.

నేను సికింద్రాబాద్‌లో రైట్ వింగ్ ఆడుతూ పెరిగాను. రాష్ట్రానికి ఆడాను, ఆ ఆట పుణ్యమాని స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు మోకాళ్లు సహకరించవు కాబట్టి కుర్రాళ్ల ట్రయల్స్‌లో గట్టు మీద కూర్చుని చూస్తుంటాను. నాకు తెలిసింది చెప్తాను.

ముందు ఆ గోల్స్ సంగతి. జిల్లా స్థాయిలో గోల్స్ కొట్టడం మంచిదే కానీ దాన్నిబట్టి ఏమీ తేల్చలేం. అవతలి డిఫెండర్లలో సగం మంది ఆ ఏడాదే స్టిక్ పట్టినవాళ్లయి ఉంటారు. కాస్త కండ పట్టి, మిగతావాళ్లకంటే రెండడుగులు ముందుగా పరిగెత్తగల పిల్లాడు మట్టి గ్రౌండ్‌లో బంతిని ముందుకు తోసుకుంటూ పోయి కొట్టేస్తాడు. అండర్-14లో ఇలా చెలరేగిపోయి, తోటివాళ్లు ఎత్తు పెరిగేసరికి అండర్-19కి కనబడకుండా పోయిన ఫార్వర్డ్‌లను చాలామందిని చూశాను. పైగా మన దగ్గర వయసు తగ్గించి రాయించే జబ్బొకటి ఉంది. అండర్-17 మ్యాచ్‌లో మీసాలతో కనిపించేవాడు ఎవరినైనా దాటుకుని పోతాడు, అందులో గొప్పేముంది? మీవాడి పుట్టిన తేదీ సర్టిఫికెట్ నిజమైనదే అయితే, వాడికంటే పెద్దవాళ్ల మీద ఎలా ఆడుతున్నాడో చూడండి. ఊళ్లో సీనియర్లు ఆదివారాలు ఆడుకుంటారు కదా, అక్కడికి పంపండి. అక్కడ వాడికి దొరికే ఒక్క అవకాశం, స్కూల్ మ్యాచ్‌లో నాలుగు గోల్స్ కంటే ఎక్కువ చెబుతుంది.

పెద్ద స్థాయిలో ఫార్వర్డ్ విలువ గోల్స్‌తోనే తేలదు అనడానికి ఒక లెక్క చెప్తాను. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మన జట్టు 8 మ్యాచ్‌ల్లో 15 గోల్స్ కొట్టి కాంస్యం తెచ్చింది. అందులో 10 కెప్టెన్ హర్మన్‌ప్రీత్ సింగ్‌వే. ఆయన డిఫెండర్. పెనాల్టీ కార్నర్లు (గోల్ దగ్గర డిఫెండర్ తప్పు చేస్తే అవతలి జట్టుకు దొరికే అవకాశం), పెనాల్టీ స్ట్రోకులు (గోల్‌కీపర్ ఒక్కడి మీద కొట్టే షాట్). ఫార్వర్డ్‌లందరూ కలిసి కొట్టినవి నాలుగు: అభిషేక్ రెండు, మన్‌దీప్ ఒకటి, సుఖ్‌జీత్ ఒకటి. అయినా ఆ తర్వాత జరిగిన హాకీ ఇండియా లీగ్ (క్రికెట్‌లో ఐపీఎల్ లాంటిది) వేలంలో అభిషేక్‌ను బెంగాల్ జట్టు 72 లక్షలకు కొనుక్కుంది. హర్మన్‌ప్రీత్ 78 లక్షల తర్వాత అదే పెద్ద ధర. రెండు గోల్స్ కొట్టినవాడికి అంత ఎందుకు పెట్టారు? డీలోకి, అంటే గోల్ ముందుండే అర్ధవృత్తంలోకి చొచ్చుకుపోయి అవతలివాడి కాలికి బంతి తగిలించి కార్నర్ సంపాదించేది ఫార్వర్డే. బంతి పోగానే వెనక్కి తిరిగి, అవతలి డిఫెండర్‌ను ఊపిరాడనివ్వకుండా ప్రెస్ చేసేదీ ఫార్వర్డే. స్కోర్‌బోర్డులో ఇవేవీ కనబడవు. సెలక్టర్ల కళ్లు మాత్రం వాటి మీదే ఉంటాయి.

ఒక ట్రయల్‌లో చూసినది చెప్తే సులువుగా అర్థమవుతుంది. ఒక జిల్లా నుంచి బాగా పేరు మోసిన సెంటర్ ఫార్వర్డ్ వచ్చాడు. టర్ఫ్ (కృత్రిమ గడ్డి మైదానం) మీద నీళ్లు కొట్టి ఉన్నాయి, వెనక కుడివైపు ఆడే రైట్ హాఫ్ స్టిక్‌ను నేల మీదుగా ఊపి బంతిని గట్టిగా స్లాప్ చేశాడు. ఈ అబ్బాయి నిలువుగా నిలబడి, స్టిక్ నిటారుగా పెట్టి ఆపబోయాడు. బంతి తగిలి మూరెడు ముందుకు ఎగిరింది. దాన్ని అందుకునేలోపే డిఫెండర్ ఎగరేసుకుపోయాడు. మట్టిలో అయితే ఆ బంతి అంత వేగంగా వచ్చేదే కాదు, అక్కడ వాడికి సరిపోయేంత టైమ్ ఉండేది. కాసేపటికి అదే చోట ఇంకో కుర్రాడు, బక్కపలచగా ఉన్నాడు. బంతి రాకముందే రెండుసార్లు భుజం మీదుగా వెనక్కి చూశాడు. నడుము వంచి, స్టిక్ కిందికి పెట్టి, గోల్ వైపు శరీరం తెరుచుకుని ఉండేలా కదులుతూనే అందుకున్నాడు. షాట్ కొట్టే చోటు లేదు. నెమ్మదిగా డిఫెండర్ ఎడమ కాలికి తగిలించాడు. విజిల్, కార్నర్. గ్రౌండ్ చుట్టూ ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. పక్కన కూర్చున్న సెలక్టర్ మాత్రం చెస్ట్ నంబర్ రాసుకున్నాడు.

మీవాడిలో చూడాల్సినవి కూడా ఇవే. నా పద్ధతి ఏమిటంటే, ఒక క్వార్టర్ అంటే 15 నిమిషాలు బంతిని చూడటం మానేసి కేవలం ఆ కుర్రాడినే చూస్తాను. మొదట్లో కష్టం, కళ్లు బంతి వైపే లాగుతాయి. బంతి పోగొట్టుకున్నాక ఏం చేస్తున్నాడు? చేతులు నడుం మీద పెట్టుకుని అంపైర్ వైపు చూస్తున్నాడా, వెంటనే వెనక్కి తిరుగుతున్నాడా? బంతి అవతలి వైపు ఉన్నప్పుడు నిలబడిపోతున్నాడా, డిఫెండర్ కళ్లు తప్పించి ఖాళీలోకి జరుగుతున్నాడా? రివర్స్ వైపు, అంటే తన ఎడమ చేతి వైపు బంతి వస్తే తడబడుతున్నాడా? మన పిల్లల్లో చాలామంది కుడివైపు డ్రిబుల్ మీదే బతికేస్తారు. కాస్త ఆట తెలిసిన డిఫెండర్ ఎదురైతే ఆ దారి మూసేస్తాడు, అంతే సంగతులు. ఇక వేగం అంటే వంద మీటర్ల వేగం అనుకోకండి. హాకీలో ఫార్వర్డ్‌కి కావాల్సింది మొదటి పది మీటర్లు, ఆ తర్వాత ఆగడం, మళ్లీ పది మీటర్లు. రోలింగ్ సబ్‌స్టిట్యూషన్ (ఆటగాళ్లను ఎన్నిసార్లైనా మార్చుకునే వీలు) ఉంది కాబట్టి ఫార్వర్డ్‌లను కొద్ది నిమిషాలకోసారి బయటికి పిలుస్తుంటారు. లోపలున్న ఆ కాసేపూ పూర్తి దమ్ముతో ఆడాలి. దాచుకుని ఆడేవాడిని ఏ కోచ్ భరించడు.

వయసు సంగతికొస్తే, 15 ఆలస్యమేమీ కాదు. కానీ ఇంకో రెండేళ్లు మట్టి మీదే ఆడితే మాత్రం ఆలస్యమే. పంజాబ్‌లో, ఒడిశాలోని సుందర్‌గఢ్‌లో, ఝార్ఖండ్‌లోని సిమ్‌డేగాలో పిల్లలు చిన్నప్పటి నుంచే హాస్టళ్లలో, టర్ఫ్ మీద పెరుగుతారు. మీవాడు రేపు పోటీ పడాల్సింది వాళ్లతో. మన దగ్గర గచ్చిబౌలి, సికింద్రాబాద్, కాకినాడ లాంటి చోట్ల టర్ఫ్ ఉంది. వాడిని వారానికి రెండుసార్లైనా టర్ఫ్ మీద ఆడించే దారి వెతకండి. సాయ్ (స్పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా) కేంద్రాల్లో ట్రయల్స్ ప్రకటనలు వస్తాయి, వాటిని వదలొద్దు. మొదటి ట్రయల్‌లో తీసుకోకపోతే బెంగ పడొద్దు, తిరస్కరించిన కారణం మాత్రం అడిగి తెలుసుకోండి. చాలామంది తల్లిదండ్రులు అడగకుండా తిట్టుకుంటూ వచ్చేస్తారు.

మన రాష్ట్రాల పిల్లలకు ఒక చిత్రమైన పరిస్థితి ఉంది. పంజాబ్ కుర్రాడితో పోలిస్తే ఇక్కడ రాష్ట్ర జట్టులో చోటు దొరకడం సులువు. తీరా జాతీయ పోటీలకు వెళ్తే పెద్ద జట్ల చేతిలో చిత్తుగా ఓడుతుంటాం. అలాంటి మ్యాచ్‌లో ఫార్వర్డ్‌కి బంతే రాదు. "ఇంక నన్నెవరు చూస్తారు" అని డీలా పడిపోతారు పిల్లలు. నిజానికి ఓడిపోయే జట్టులో ఫార్వర్డ్‌ను అంచనా వేయడం సెలక్టర్లకు తేలిక. మొత్తం మ్యాచ్‌లో వచ్చిన ఆ మూడు నాలుగు బంతుల్ని ఏం చేశాడు, రానప్పుడు ఎంత పరిగెత్తాడు, అవే కనిపిస్తాయి. మీ ఉమ్మడి చిత్తూరు జిల్లా నుంచే ఇటిమర్పు రజని వచ్చింది. తండ్రి వడ్రంగి. గోల్‌కీపర్‌గా ఎదిగి, 2024లో మస్కట్‌లో హాకీ ఫైవ్స్ (జట్టుకు ఐదుగురితో ఆడే హాకీ) ప్రపంచకప్ ఫైనల్‌కు వెళ్లిన భారత మహిళల జట్టుకు కెప్టెన్‌గా చేసింది. ఫార్వర్డ్‌లలో మనవాడంటే మా హైదరాబాద్ ముకేశ్ కుమార్. బార్సిలోనా, అట్లాంటా, సిడ్నీ, మూడు ఒలింపిక్స్ ఆడాడు. మా చిన్నప్పుడు వింగ్ ఆడే ప్రతివాడూ ముకేశ్ లాగా డాడ్జ్ చేయాలని (డిఫెండర్‌ను ఏమార్చి దాటాలని) చూసి కాళ్లు మెలిపెట్టుకున్నవాడే. ఆయన తర్వాత ఆ స్థాయి ఫార్వర్డ్ మన దగ్గర నుంచి రాలేదనే చెప్పాలి.

అంటే అవకాశం ఎంత? ప్రొఫెషనల్ అనే మాటకు మన హాకీలో మూడు మెట్లు ఉన్నాయి. భారత జట్టు ఒకటి. దాని గురించి 15 ఏళ్లకు ఎవరు హామీ ఇచ్చినా నమ్మకండి. 2016లో లక్నోలో మన కుర్రాళ్లు జూనియర్ ప్రపంచకప్ గెలిచారు. ఆ జట్టు ఫార్వర్డ్‌లలో మన్‌దీప్, గుర్జంత్, సిమ్రన్‌జీత్ టోక్యో ఒలింపిక్స్‌కు వెళ్లారు. అదే ముందు వరుసలో ఆడిన అర్మాన్ ఖురేషీ, అజిత్ పాండే, పర్వీందర్ వెళ్లలేకపోయారు. కప్పు ఎత్తిన కెప్టెన్ హర్జీత్ సింగ్ కూడా లేడు. ప్రపంచ విజేతలకే ఆ పరిస్థితి. ఇంకా విడ్డూరం, సిమ్రన్‌జీత్ టోక్యోకు వెళ్లింది రిజర్వ్‌గా. కోవిడ్ వల్ల రిజర్వులను కూడా ఆడించుకోవచ్చని నిబంధన మార్చారు కాబట్టి దిగాడు, కాంస్యం కోసం జర్మనీ మీద జరిగిన మ్యాచ్‌లో రెండు గోల్స్ కొట్టాడు. మనం 5-4తో గెలిచాం. ఇలాంటివి ఎవరు ముందే లెక్కగట్టగలరు?

రెండో మెట్టు హాకీ ఇండియా లీగ్. 2017 తర్వాత ఆగిపోయి, 2024 డిసెంబరులో మళ్లీ మొదలైంది. ఆ సీజన్‌లో మగవాళ్ల జట్లు 8, జట్టుకు 24 మంది, అందులో కనీసం 16 మంది మనవాళ్లు. వాళ్లలో నలుగురు జూనియర్లు తప్పనిసరి. అంటే దేశం మొత్తం మీద సుమారు 130 మంది, అందులో ఫార్వర్డ్‌లు మహా అయితే మూడో వంతు. ఆ సీజన్ వేలంలో కనీస ధర 2 లక్షలు. కొన్ని వారాల లీగ్ అది, దాని మీద ఏడాదంతా ఇల్లు గడవదు. అయితే ఆ జూనియర్ల నిబంధన మీవాడిలాంటి వాళ్లకు మంచి తలుపు. 18, 19 ఏళ్లకు జాతీయ జూనియర్ పోటీల్లో కంటబడితే ఆశ పెట్టుకోవచ్చు.

మూడోది, అసలు హాకీ ఆటగాళ్లను బతికిస్తున్నది: ఉద్యోగం. రైల్వే, సర్వీసెస్ (సైనిక దళాలు), ఆయిల్ కంపెనీలు, బ్యాంకులు, పోలీసు జట్లు. జీతం తీసుకుంటూ ఆడటమే మన దగ్గర ప్రొఫెషనల్ జీవితం. మీవాడు పైన చెప్పిన పద్ధతిలో ఆడుతుంటే, టర్ఫ్ దొరికితే, పెద్ద గాయాలు కాకపోతే ఈ మెట్టు ఎక్కే అవకాశం నిజంగానే ఉందని నా అభిప్రాయం. మొదటి రెండింటి గురించి ఇప్పుడే టెన్షన్ పడటం అనవసరం.

చదువు మాన్పించడం మాత్రం వద్దే వద్దు. ఉద్యోగాలకు జాతీయ స్థాయి సర్టిఫికెట్‌తో పాటు టెన్తో, ఇంటరో, డిగ్రీయో అడుగుతారు. యూనివర్సిటీ జట్టులో ఆడాలంటే కాలేజీలో పేరుండాలి. ఎంపీసీ కోచింగ్‌తో పొద్దున్నుంచి రాత్రిదాకా కూర్చోబెట్టే కార్పొరేట్ కాలేజీలో మాత్రం వేయకండి, అక్కడ వేస్తే స్టిక్ అటకెక్కినట్టే. సీఈసీయో హెచ్ఈసీయో తీసుకుని, గ్రౌండ్‌కు దగ్గరున్న కాలేజీ చూడండి.

ఇంకొక పని చేయండి. వాడు తనకంటే పెద్దవాళ్లతో ఆడే మ్యాచ్ ఒకటి మొత్తం వీడియో తీయించండి. గోల్స్ మాత్రమే కత్తిరించి పాట జోడించింది వద్దు. ఏదైనా మేడ మీంచి, గ్రౌండ్ సగమైనా కనబడేలా, కెమెరాను బంతి వెంట తిప్పకుండా తీయమనండి. జెర్సీ నంబర్ చెప్పి ఇక్కడే పెట్టండి, తీరిక చూసుకుని పూర్తిగా చూసి చెప్తాను.