మేనేజర్‌ని తీసేస్తే క్లబ్ బాగుపడుతుందా? ముందు కాంట్రాక్టు కాగితం చూడండి

ప్రశ్న: "మాంచెస్టర్ యునైటెడ్ వందల మిలియన్లు పోసింది, కోచ్‌ల మీద కోచ్‌లని మార్చింది, అయినా ఆడదు. తప్పు మేనేజర్‌దా, ఆటగాళ్ళదా, ఓనర్లదా?"

శనివారం రాత్రి బెంజ్ సర్కిల్ దగ్గర స్క్రీన్ పెట్టిన ఏ కేఫ్‌లో కూర్చున్నా, గుంటూరు బ్రాడీపేటలో ఏ టీ కొట్టు ముందు నిలబడినా ఇదే గొడవ. మొదటి గోల్ పడగానే "కోచ్‌ని పీకెయ్యాలి" అంటారు, రెండో గోల్‌కి "వాడికి అంత పోసి కొన్నారు, ఏం లాభం" అంటారు. ఈ రెండు మాటల మధ్య ఒక కాగితం ఉంటుంది, దాన్ని ఎవరూ అడగరు. ఆటగాడి కాంట్రాక్టు ఎన్నేళ్ళది, అందులో ఇంకా ఎన్నేళ్ళు మిగిలింది? ఇది తెలియకుండా మేనేజర్‌ని తిట్టినా, మెచ్చుకున్నా గాలిమాటే.

ఆటోనగర్‌లో లారీ ఓనర్‌ని ఎవరినైనా అడగండి. ఫైనాన్స్ వాళ్ళకి నెలనెలా కట్టే వాయిదా ఒక లెక్క, ఆడిటర్ ఏటా రాసే తరుగుదల ఇంకో లెక్క. ఆ రెండూ కలవవు. ఆటగాడి సంగతీ అంతే. అమ్మిన క్లబ్‌కి డబ్బు మూడు నాలుగు వాయిదాల్లో వెళ్తుంది. పద్దుల్లో మాత్రం కొన్న ధరని కాంట్రాక్టు సంవత్సరాలతో భాగించి ఏటా అంత ఖర్చు రాస్తారు. దీన్నే అమార్టైజేషన్ అంటారు. ఖర్చు రాయగా ఇంకా మిగిలింది పుస్తక విలువ. అమ్మిన ధర దానికంటే ఎక్కువైతే తేడా అంతా ఆ సంవత్సరం లాభం, తక్కువైతే అంతా ఆ సంవత్సరం నష్టం.

యునైటెడ్ కొన్న వింగర్ ఆంటోనీ లెక్క వేసి చూడండి. 2022లో నెదర్లాండ్స్ క్లబ్ అయాక్స్ నుంచి 9.5 కోట్ల యూరోలకి తెచ్చారు, మీద పడే బోనస్సులు వేరే. కాంట్రాక్టు 5 ఏళ్ళు, అంటే ఏటా 1.9 కోట్లు. రెండేళ్ళయ్యేసరికి, 2024 వేసవికి, పుస్తకంలో ఇంకా 5.7 కోట్లు ఉంది. అప్పటికే ఆట అర్థమైపోయింది, ఒక కాలితోనే ఆడతాడు, లోపలికి తిరిగి షాట్ కొడతాడు, డిఫెండర్లందరికీ అది కంఠతా వచ్చేసింది. కానీ బయట అతనికి అందులో సగం ఇచ్చేవాడు కూడా లేడు. సగానికి అమ్మితే ఒక్క సంతకంతో పుస్తకంలో 2.85 కోట్ల నష్టం. అందుకని ఉంచుకున్నారు. 2025 జనవరిలో స్పెయిన్ క్లబ్ బెటిస్‌కి అప్పిచ్చారు. ఆ వేసవి చివర 2.2 కోట్లకి అదే బెటిస్‌కి అమ్మేసరికి పుస్తక విలువ 3.8 కోట్లకి దిగింది. అప్పటికీ 1.6 కోట్లు పోయింది. మధ్యలో జీతం సంగతి నేను ఎత్తడమే లేదు.

"ఆంటోనీని అడిగింది అప్పటి మేనేజర్ టెన్ హాగే కదా" అంటారు. అవును, అయాక్స్‌లో ఉన్నప్పుడు తన దగ్గర ఆడినవాడు. కోచ్ అడుగుతాడు, అడగడం అతని పని. ఈ ధరకి వద్దు, ఇన్నేళ్ళకి వద్దు అనడం ఆఫీసులో కూర్చున్నవాళ్ళ పని. ఆ పని చెయ్యనివాడిని ఎవరూ తిట్టరు, ఎందుకంటే వాడు టచ్‌లైన్ దగ్గర కనపడడు.

ఇక మేనేజర్‌ని మార్చడానికి అయ్యే ఖర్చు. 2024 మేలో టెన్ హాగ్ ఎఫ్ఏ కప్ ఫైనల్లో మాంచెస్టర్ సిటీని 2-1తో కొట్టాడు. జూలైలో కాంట్రాక్టుని 2026 దాకా పొడిగించారు. అక్టోబరు 28న పంపేశారు. అప్పటికి 9 లీగ్ మ్యాచ్‌లు, 11 పాయింట్లు, 14వ స్థానం. జూలైలో ఆ పొడిగింపు సంతకమే పెట్టకపోతే చెల్లించాల్సిన పరిహారం బాగా తగ్గేది. టెన్ హాగ్‌కి, అతని సిబ్బందికి కలిపి 1.04 కోట్ల పౌండ్లు లెక్కల్లో చూపించారు. 5 నెలలకే వెళ్ళిపోయిన స్పోర్టింగ్ డైరెక్టర్ ఆష్‌వర్త్‌కి మరో 41 లక్షలు. కొత్త కోచ్ అమోరిమ్‌ని విడిపించుకోవడానికి స్పోర్టింగ్ లిస్బన్‌కి 1.1 కోట్ల యూరోలు.

అసలు దెబ్బ ఇది కూడా కాదు. ఆ వేసవిలోనే యోరో, డి లిఖ్ట్, మజ్రౌయి, జిర్క్‌జీ, ఉగార్తేలని కొన్నారు, నలుగురు డిఫెండర్ల పద్ధతి కోసం. వచ్చిన అమోరిమ్ ముగ్గురు డిఫెండర్లు, అంచుల్లో ముందుకీ వెనక్కీ పరిగెత్తే ఇద్దరు వింగ్‌బ్యాక్‌లతో తప్ప ఆడించనన్నాడు. వింగ్‌బ్యాక్‌లు లేరు. ఫిబ్రవరిలో ఇటలీ క్లబ్ లెచ్చే నుంచి డోర్గుని తెచ్చుకున్నారు. కొత్త కోచ్ కొత్త పద్ధతి తెస్తే పాత పద్ధతికి కొన్నవాళ్ళందరి బజారు ధర ఒకేసారి పడిపోతుంది, పుస్తక విలువ మాత్రం కదలదు. కోచ్‌ని మార్చిన ఖర్చంటే పరిహారం ఒక్కటే అనుకునేవాళ్ళు ఇది చూడరు. ఆ సీజన్ 15వ స్థానంలో ముగించారు. 1973-74లో కింది డివిజన్‌కి దిగిపోయాక అంత అధ్వాన్నం ఎప్పుడూ లేదు.

కొత్త కోచ్ రాగానే రెండు మూడు మ్యాచ్‌లు గెలుస్తారే అంటారా? తీసేసేది ఎప్పుడు? అదృష్టం అడుగంటినప్పుడు. షాట్లు గోల్ బార్లకి తగిలి, గాయాలు పడి, వరసగా పెద్ద జట్లతో ఆడి ఓడినప్పుడు. ఆ తర్వాత పాత కోచ్ ఉన్నా కాస్త లేచేదే. పేరు మాత్రం కొత్తాయనకి.

లెక్కల వల్ల జట్టు ఎలా దెబ్బ తింటుందో చూడాలంటే నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌ని మించిన ఉదాహరణ లేదు. క్లబ్‌ల నష్టాలకి హద్దు పెట్టిన అప్పటి ప్రీమియర్ లీగ్ పీఎస్ఆర్ నిబంధన ప్రకారం మూడేళ్ళలో 10.5 కోట్ల పౌండ్లకి మించి నష్టపోకూడదు. ఫారెస్ట్ ఆ మూడేళ్ళలో రెండేళ్ళు కింది డివిజన్లో ఉంది కాబట్టి వాళ్ళ పరిమితి 6.1 కోట్లే. పద్దుల సంవత్సరం జూన్ 30తో ముగుస్తుంది. వాళ్ళ దగ్గర బ్రెనన్ జాన్సన్ ఉన్నాడు, చిన్నప్పటి నుంచి వాళ్ళ అకాడమీలోనే పెరిగినవాడు. అకాడమీ కుర్రాడికి కొన్న ధర లేదు, కాబట్టి పుస్తక విలువ సున్నా, అమ్మిన ప్రతి పౌండూ లాభమే. 2023 జూన్‌లోగా అమ్మితే గండం గడిచేది. వచ్చిన ధర చాలదని ఆగారు. సెప్టెంబరు 1న టోటెన్‌హామ్‌కి 4.75 కోట్లకి అమ్మారు.

వ్యాపారంగా చూస్తే ఆగడమే తెలివి. రూలు ప్రకారం మాత్రం ఆ డబ్బు వచ్చే సంవత్సరం పద్దులో పడింది. ఈ సంవత్సరం పద్దు పరిమితిని 3.45 కోట్లు దాటింది. తర్వాత ఎక్కువ ధర వచ్చింది కదా అని లీగ్ విచారణ కమిషన్ ముందు మొత్తుకున్నారు, ఒప్పుకోలేదు. 2024 మార్చిలో 4 పాయింట్లు కోసేశారు. సహకరించినందుకు 2 తగ్గించారు, లేకపోతే 6. ఆఖరికి 32 పాయింట్లతో 17వ స్థానంలో గట్టెక్కారు. ఆ వసంతకాలమంతా కోచ్ నూనో ఎస్పిరిటో శాంటో ఆటతో పాటు అప్పీలు తీర్పు కోసం కూడా ఎదురుచూశాడు. అదే సీజన్‌లో ఎవర్టన్‌కి 10 కోసి, అప్పీలులో 6 చేసి, ఏప్రిల్‌లో మళ్ళీ 2 కోశారు.

ఈ దెబ్బ చూశాక 2024 జూన్ ఆఖరి వారంలో జరిగింది నిజంగా సంత. చెల్సీ తన అకాడమీ కుర్రాడు మాట్సెన్‌ని 3.75 కోట్లకి ఆస్టన్ విల్లాకి ఇచ్చింది, విల్లా కెల్లీమన్‌ని 1.9 కోట్లకి చెల్సీకి ఇచ్చింది. ఇద్దరికీ లాభమే, ఎందుకంటే అమ్మిన లాభం ఇవాళే మొత్తం రాసుకోవచ్చు, కొన్న ఖర్చు 5 ఏళ్ళ మీద పరచుకోవచ్చు. న్యూకాసిల్ అదే వారంలో ఎలియట్ ఆండర్సన్‌ని ఫారెస్ట్‌కి వదులుకుంది. తర్వాత అతను ఇంగ్లండ్‌కి ఆడాడు. అమ్ముడుపోయేది సొంత గడ్డ మీద పెరిగిన కుర్రాళ్ళే, ఎందుకంటే వాళ్ళ పుస్తక విలువే సున్నా. ఈ రూలు రాసినవాళ్ళకి ఇది తట్టలేదంటే నేను నమ్మను. యునైటెడ్ కూడా అలాగే మెక్‌టామినేని నాపోలికి సుమారు 3 కోట్ల యూరోలకి ఇచ్చేసింది. అతను తొలి సీజన్‌లోనే 12 లీగ్ గోల్స్ కొట్టి టైటిల్ గెలిపించి ఇటలీ లీగ్ ఉత్తమ ఆటగాడయ్యాడు.

చెల్సీ ఇంకో దారి తొక్కింది. ఎంజో ఫెర్నాండెజ్‌ని 10.68 కోట్ల పౌండ్లకి కొని ఎనిమిదిన్నరేళ్ళ కాంట్రాక్టు ఇచ్చింది. ఏటా రాసే ఖర్చు 1.26 కోట్లు. 5 ఏళ్ళయితే 2.14 కోట్లయ్యేది. దీన్ని చూసి యూరోపియన్ ఫుట్‌బాల్ సంఘం, ఆ తర్వాత ప్రీమియర్ లీగ్ కూడా 2023లోనే ఎంత పొడవు కాంట్రాక్టయినా 5 ఏళ్ళకి మించి పరచకూడదన్నాయి. పొడవు కాంట్రాక్టుతో వచ్చే తిప్పలు చాలామంది చెప్పరు. ఆటగాడు తేలిపోతే పుస్తక విలువ మెల్లగా కరుగుతుంది, జీతం అన్నేళ్ళూ నడుస్తుంది, అతనేమో "నాకు ఇక్కడ బానే ఉంది" అని కూర్చుంటాడు.

ఆటగాడు బాగా ఆడాడా లేదా అన్నదాంట్లోనూ మనవాళ్ళ కొలత గోల్స్ ఒక్కటే. ముందు పెనాల్టీలు తీసెయ్యండి. 2023-24లో చెల్సీ ఆటగాడు కోల్ పామర్ లీగ్‌లో 22 కొట్టాడు, 9 పెనాల్టీలు. మిగిలిన 13 కూడా గొప్పే, కానీ 22 చూసి ధర కట్టేవాడికి చేతులు కాలతాయి. తర్వాత ఆడిన నిమిషాలు చూడండి. 900 లోపు అయితే ఏ తీర్పూ ఇవ్వద్దు, ఆ నమూనా చాలదు. ఆ తర్వాత ఎక్స్‌జీ, అంటే అతనికి దొరికిన అవకాశాల నాణ్యత. దానికంటే గోల్స్ బాగా ఎక్కువుంటే, మెస్సీ లాంటి ఒకరిద్దరిని మినహాయిస్తే, మరుసటి ఏడు కిందికి వస్తాయి. యునైటెడ్ ఫార్వర్డ్ రాష్‌ఫోర్డ్ 2022-23లో అన్ని పోటీల్లో కలిపి 30 కొట్టాడు. ఆ వేడిలోనే 2028 దాకా కొత్త కాంట్రాక్టు ఇచ్చారు. మరుసటి సీజన్ 8. అతను ఆడలేదని తిట్టుకోవచ్చు, కానీ పీక్‌లో ఉన్నప్పుడు ఐదేళ్ళు రాసిచ్చిన చెయ్యి ఎవరిది?

ఇక్కడ మన గోడు కూడా ఒకటి. హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చి 20న ఫటోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌ని పెనాల్టీల్లో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) గెలిచింది. రెండు సీజన్లు తిరక్కుండానే జీతాలు ఆగాయి, ఆటగాళ్ళు వెళ్ళిపోయారు, 2023-24లో ఒకే ఒక్క మ్యాచ్ గెలిచి 8 పాయింట్లతో అట్టడుగున నిలిచింది. 2025లో ఫ్రాంచైజీయే ఢిల్లీకి లేచిపోయింది. ఆ 8 పాయింట్లకి కోచ్ సింగ్టోని తప్పుబట్టినవాళ్ళు బెజవాడలోనూ ఉన్నారు! జీతం రాని జట్టుకి ఏ గ్వార్డియోలా వచ్చినా ఏం చేస్తాడు? అదే హైదరాబాద్‌లో 1950 నుంచి 1963లో పోయేదాకా రహీం సాబ్ సిటీ పోలీస్ జట్టుకి కోచ్. వరుసగా 5 రోవర్స్ కప్‌లు. ఆటగాళ్ళకి పోలీసు ఉద్యోగం, నెల జీతం ఖాయం, కోచ్ కుర్చీ కదలదు. ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది 1965-66లో, మళ్ళీ లేదు. ఇప్పుడు గుంటూరులో, బెజవాడలో ఖాళీ జాగా కనపడితే బాక్స్ క్రికెట్ టర్ఫ్ వేస్తున్నారు. ఫుట్‌బాల్ ఆడదామంటే స్లాట్ రాత్రి పదకొండు తర్వాతే.

అడిగినదానికి వస్తే, ఓనర్ల పాత్ర లేదని కాదు. గ్లేజర్లు 2005లో అప్పు తెచ్చి క్లబ్‌ని కొని ఆ అప్పుని క్లబ్ నెత్తినే పెట్టారు, ఏటా వడ్డీ పోతూనే ఉంది. కానీ 2013లో పాత మేనేజర్ ఫెర్గూసన్ తప్పుకున్నాక ఆట చెడింది వడ్డీ వల్ల కాదు. ముప్పై దాటిన కసెమీరోకి నాలుగేళ్ళు రాసిచ్చిన చెయ్యి, ఆంటోనీకి ఐదేళ్ళు రాసిచ్చిన చెయ్యి, టెన్ హాగ్‌కి జూలైలో పొడిగింపు ఇచ్చిన చెయ్యి వల్ల. 2026-27 నుంచి ప్రీమియర్ లీగ్‌లో పీఎస్ఆర్ బదులు కొత్త రూలు. జీతాలు, అమార్టైజేషన్, ఏజెంట్ల ఫీజులు, కోచ్ జీతం అన్నీ కలిపి ఆదాయంలో 85 శాతం దాటకూడదు. యూరోపియన్ పోటీల్లో ఆడే జట్లకి అది 70 శాతమే. అప్పుడు ఇలాంటి సంతకం ఒక్కటి తప్పినా ఆ సీజన్‌లోనే బయటపడుతుంది.

మీరే చూసుకోవాలంటే ఇంగ్లీషు క్లబ్‌ల ఆడిట్ లెక్కలు బ్రిటన్ కంపెనీస్ హౌస్ సైట్‌లో ఉచితం. యునైటెడ్ న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో ఉంది కాబట్టి మూడు నెలలకోసారి ఇస్తుంది. మొదటి పేజీల్లో ఛైర్మన్ గారి ప్రవచనం వదిలేసి నోట్స్‌కి వెళ్ళండి. సిబ్బంది ఖర్చు, ఆటగాళ్ళ రిజిస్ట్రేషన్ల నికర విలువ, ఇతర క్లబ్‌లకి ఇంకా కట్టాల్సిన వాయిదాలు, ఈ మూడు పక్కపక్కన రాసుకోండి. చివర్లో బ్యాలెన్స్ షీట్ తేదీ తర్వాత జరిగినవాటి నోట్ ఉంటుంది, జూలైలో కొన్నవాళ్ళ లెక్క, పంపేసినవాళ్ళ లెక్క అక్కడ దొరుకుతుంది.